బంకు రాకముందే దిగాలి

అమ్మను చూడటానికి మా తమ్ముడు శ్రీనివాస్ పెర్త్ నుంచి వచ్చాడు. వచ్చిన మర్నాడు పొద్దున, ఆంగ్ మో కియోలో మా ఫ్లాటు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోనులో ఫొటోలు చూపించడం మొదలుపెట్టాడు. రిటైరయ్యాక కొనుక్కున్న క్యాంపర్ ట్రైలర్ అట. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. లోపల ఒక మంచం, ఒక పొయ్యి, మడిచి పెట్టే బల్ల, మోకాలెత్తు ఫ్రిజ్. కారుకు తగిలించే కొక్కెం దగ్గర బూడిదరంగు ప్రొపేన్ సిలిండర్లు కవల పిల్లల్లా నిలబడి ఉన్నాయి. వాటి ఫొటోలే ఎక్కువ తీశాడు. మరదలి ఫొటో ఒక్కటంటే ఒక్కటే ఉంది, అందులోనూ ఆమె మొహం చిట్లించుకుని ఉంది.

"పెట్రోల్ పోయించుకునే ప్రతిసారీ నీ మరదలికి నామీద కోపమే అక్కా," అన్నాడు నవ్వుతూ. "బంకులోకి పోకముందే రోడ్డు పక్కన ఆపేస్తాను. ఫస్ట్ సిలిండర్ వాల్వ్ క్లోజ్ చెయ్యాలి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడుస్తుంటుంది కదా, దాని అడుగున మంట ఆరిందో లేదో వంగి చూడాలి. ట్రైలర్ లోపల మనిషన్నవాడు ఉండకూడదు. అప్పుడే పంపు దగ్గరికి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పైకి పోదు, నేలబారున పాకుతూ ఉంటుంది. ఫ్రిజ్‌కి గాలి పోయే కన్నం సరిగ్గా అక్కడే, కిందనే. చిటికెడు మంట చాలు. పోయించుకుని దూరంగా వచ్చేశాకే మళ్ళీ వెలిగించాలి. ఇదేం పూజయ్యా ప్రతిసారీ అంటుంది. నాన్న నేర్పిన పూజ, మానలేను అంటాను."

నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. నాన్న నేర్పాడా? ఏ నాన్న? మా చిన్నప్పుడూ ఇలాంటి ట్రైలర్ ఒకటి ఉండేది, కానీ నాకు తెలిసిన నాన్న జీవితంలో ఒక్కసారి కూడా బంకు ముందు గ్యాసు కట్టలేదు. దానికోసం అమ్మ ఆయనతో ఉడ్‌లాండ్స్ రోడ్డు పొడుగునా పోట్లాడేది. ఆయన వినడు గనకే మమ్మల్ని కారులోంచి దింపేసి ఎండలో నడిపించేది. అదే అన్నాను. తమ్ముడు నన్ను వింతగా చూశాడు. "నాన్నే అక్కా కట్టేది. నేను పక్కనే నిలబడేవాడిని. నువ్వు ఎవరి నాన్న గురించి చెప్తున్నావు?"

కిటికీ దగ్గర కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది. మా మాటలు విన్నదో లేదో తెలియదు. అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చి చాలా కాలమైంది. మొదట కూరలో ఉప్పు మరిచిపోయింది, తర్వాత కూర మరిచిపోయింది, తర్వాత నా పేరు. ఏడాదిగా ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఉన్నట్టుండి లేచి వంటింట్లోకి వచ్చి, పొయ్యి మీద ఏమున్నా సరే గ్యాసు కట్టేస్తుంది. కట్టేసి, గుమ్మం దగ్గర నిలబడి, "దిగండర్రా, బేగి దిగండి" అని అందర్నీ తొందరపెడుతుంది. సెంగ్‌కాంగ్ నుంచి శనివారాలు వచ్చే నా మనవరాలు ఒకసారి, "ఆల్రెడీ డౌన్ లా, జేజమ్మా. ఫ్లాట్‌లో ఎక్కడికి దిగుతాం?" అని ఇక్కడి పిల్లల యాసలో అంటూ నవ్వింది. అమ్మ నవ్వలేదు. ఆ దిగమనడం ఏమిటో నాకు తెలుసు. పాత ట్రైలర్ గుర్తొచ్చిందని, మా వారికీ పిల్లలకీ నేనే వివరించి చెప్పాను. కానీ ఆ వెంటనే ఇంకో మాట అంటుంది, అదే నాకు అంతుపట్టనిది. మమ్మల్ని ఒక్కొక్కరినీ వేలుపెట్టి లెక్కపెట్టుకుని, ముఖం తెల్లబడిపోయి, "ఇంకొకరు లోపలే ఉండిపోనారు" అంటుంది. ఎవరమ్మా అంటే చెప్పదు. గదులన్నీ వెతుకుతుంది. స్నానాలగది తలుపు కొడుతుంది. అలిసిపోయాక కూర్చుంటుంది.

మేము పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ దీవిలోనే, ఇంగ్లీషువాళ్ళ నేవల్ బేస్ క్వార్టర్స్‌లో. నాన్న డాక్‌యార్డులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి అంతకుముందు తరంలో వచ్చిన తెలుగువాళ్ళు మా లైనులో చాలామందే ఉండేవారు. పొద్దున్న సైరన్ మోగితే నాన్న వెళ్ళేవాడు, సాయంత్రం సైరన్ మోగితే వచ్చేవాడు. వచ్చేసరికి బట్టల్లో గ్రీజు వాసన, చేతుల్లో సబ్బుకు లొంగని నలుపు. అమ్మ ఆ చేతులకు చింతపండు పిప్పి రాసి తోమేది. పక్కింటి మలాయ్ ఆంటీ రొయ్యల ముద్ద వేయించిందంటే ఆ ఘాటుకు లైనంతా దగ్గేది. అమ్మ కూడా దగ్గుతూనే, "ఏటి వొండుతున్నావమ్మా" అని గిన్నె పట్టుకుని వెళ్ళేది. మా ఇంట్లో చేపల పులుసు, వాళ్ళింట్లో సంబాల్ పచ్చడి, మధ్యలో గోడ ఉందా లేదా అన్నట్టుండేది. అమ్మకు ఇంగ్లీషు రాదు, మలాయ్ మాత్రం బజారుకు సరిపడా వచ్చు. తెలుగుకు తెలుగు, తమిళానికి తమిళం, మలాయ్‌కి మలాయ్, దేనికీ వ్యాకరణం లేకుండా గలగలా మాట్లాడేది.

ఇంగ్లీషు దొరలు బేసు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న రోజుల్లో వాళ్ళ సామాన్లు చవగ్గా వచ్చేవి. కొందరు కుర్చీలు కొన్నారు, కొందరు గ్రామఫోన్లు కొన్నారు. మా నాన్న తను మరమ్మతులు చేసిపెట్టిన ఒక ఆఫీసరు దగ్గర్నుంచి ట్రైలర్ తెచ్చాడు. తెల్ల రంగు వేసిన రేకు డబ్బా, పక్కన ఆకుపచ్చ చార, పసుపు పూల కర్టెన్లు. క్వార్టర్స్ వెనక ఖాళీ జాగాలో దాన్ని నిలబెట్టిన రోజు లైనంతా చూడటానికి వచ్చింది. తలుపు తీస్తే ఒక వాసన కొట్టేది. వానకు తడిసిన రబ్బరు, పాత దుప్పట్లు, దానికింద సన్నగా గ్యాసు. ఆ వాసన ఇప్పుడు ఎక్కడైనా తగిలితే నడుస్తున్నదాన్ని ఆగిపోతాను. సంతోషంతోనో భయంతోనో చెప్పలేను.

దాంట్లో ఉన్న ఫ్రిజ్ మా ఇంటికి మొదటి ఫ్రిజ్. ఇంట్లో లేదు, ట్రైలర్లోనే ఉంది. కరెంటు అక్కర్లేదు, గ్యాసు మీద నడుస్తుంది. అడుగున ఒక చిన్న నీలం మంట ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. మంట వేడి వల్ల పైన చల్లబడుతుందంటే మా లైనులో ఎవరూ నమ్మలేదు. నేను ఇప్పటికీ పూర్తిగా నమ్మను. నాన్న ఆ మంటను కంటికి రెప్పలా కాచేవాడు. పనిలోంచి రాగానే కాళ్ళు కడుక్కోకుండా ముందు వెళ్ళి దాన్ని చూసేవాడు. ఐసుముక్కలు లైనులో అందరికీ పంచేవాడు. జ్వరాలు వచ్చినవాళ్ళకు, పెళ్ళిళ్ళలో షర్బతులకు, దేనికైనా మా ట్రైలరే. అమ్మ దానికి అఖండదీపం అని పేరు పెట్టింది. "మీ నాన్న అఖండదీపం కాడున్నాడు, అన్నానికి పిలండర్రా" అనేది.

ఎందుకంత అపురూపమంటే, అది ఒకసారి ఆరితే మళ్ళీ వెలిగించడం బ్రహ్మప్రళయం. నాన్న నేలమీద బోర్లా పడుకోవాలి. ఒక చేత్తో మీట నొక్కిపట్టి, ఇంకో చేత్తో అగ్గిపుల్ల సందులోకి దూర్చాలి. మంట అంటుకుందో లేదో చూడటానికి అమ్మ గుండ్రటి బొట్టు అద్దం నేలమీద ఆనించి పట్టుకునేది. గాలి వీస్తే ఆరిపోయేది. పుల్ల మీద పుల్ల. ఒకసారి భగ్గుమని కనుబొమలు కాలాయి. ఆ మాడు వాసన పోగొట్టుకోవడానికి నాన్న మీసానికి కూడా నూనె రాసుకుని పనికి వెళ్ళడం నాకు బాగా గుర్తు.

ట్రైలర్ తీసుకునేరోజు ఆఫీసరు భార్య అమ్మను లోపలికి పిలిచి అన్నీ చూపించింది. ఆమెకు తెలుగు రాదు, అమ్మకు ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ వచ్చింది వంటవాళ్ళ దగ్గర నేర్చుకున్న బజారు మలాయ్. పెట్రోలు అని చేత్తో గొట్టం పట్టుకున్నట్టు చూపించి, "సెమువా తురున్" అంది. అందరూ దిగాలి అని. తర్వాత ఫ్రిజ్ అడుగు చూపించి, "ఆపి మాతి దులు" అంది. మలాయ్‌లో ఆపి అంటే నిప్పు. ముందు నిప్పు చావాలి అని ఆమె చెప్పింది. అమ్మ పక్కన నిలబడ్డ నాకు మాత్రం ఆ దొరసాని తెలుగు మాట్లాడినట్టే అనిపించింది. బండి ఆపి, అని. చాలా రోజులు అలాగే అనుకున్నాను. అదే సమయంలో బయట ఆఫీసరు నాన్న భుజం తట్టి, ఫ్రిజ్ ఎప్పుడూ ఆర్పక్కర్లేదు, మేము ఆర్పలేదు, ఏమీ కాలేదు అని చెప్పాడట. ఒకే ఇంట్లోవాళ్ళు, భర్త ఒకటి చెప్పాడు, భార్య ఇంకొకటి చెప్పింది. మా ఇంట్లోనూ భర్త ఒకటి పట్టుకున్నాడు, భార్య ఇంకొకటి పట్టుకుంది.

స్కూలు సెలవులకు కారుకు ట్రైలర్ కట్టుకుని, సముద్రం మీది కాజ్‌వే రోడ్డు దాటి మలేసియా సముద్రపు ఒడ్డులకు వెళ్ళేవాళ్ళం. ముందురోజు నుంచే ఇల్లంతా పులిహోర వాసన. నువ్వులపొడి, ఎండుచేపలు, ఉడకబెట్టిన గుడ్లు, వాంతులకు నిమ్మకాయలు. నాన్న టైర్లు తన్ని చూసేవాడు, కొక్కెం ఊపి చూసేవాడు. బయల్దేరిన కాసేపటికి ఉడ్‌లాండ్స్ రోడ్డులో బంకు వచ్చేది. అది కనిపించకముందే అమ్మ మొదలుపెట్టేది.

"ఆపీసి ఆ నిప్పు ఆర్పు. దొరసాని సెప్పిందా నేదా?"

"ఆర్పితే మళ్ళీ ఎలిగించడానికి నీ బాబొస్తాడేటి? చేపలు కుళ్ళిపోతాయి. పాలు ఇరిగిపోతాయి."

"ఇరిగితే ఇరుగుతాయి. పిల్లలు కాలిపోతే ఏటి సేస్తావు?"

"దొరే ఆర్పలేదే. ఆడికన్నా నీకెక్కువ తెలుసా?"

"అయితే దింపీ మమ్మల్ని."

నాన్న దవడ బిగించి బండి ఆపేవాడు. అమ్మ తమ్ముణ్ణి ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని దిగేది. దిగండర్రా, బేగి దిగండి. బంకుకు ఎదురువైపు నుంచి, లారీల దుమ్ములో, గడ్డి అంచున నడిచేవాళ్ళం. మిగతా కార్లలో పిల్లలు కిటికీల్లోంచి మమ్మల్ని చూసేవారు. నాకు తల కొట్టేసినట్టుండేది. బంకు దాటి, ఒక పెద్ద వానచెట్టు నీడలో నిలబడి చూస్తే, అటువైపు నాన్న మంట ఆర్పకుండానే పెట్రోలు పోయించుకుంటూ, మావైపు చూడకుండా, బంకు మనిషితో నవ్వుతూ మాట్లాడుతూ కనిపించేవాడు. అమ్మ చెయ్యి చెమటతో జారుతుండేది. ఆయన సురక్షితంగా బయటికి వచ్చేదాకా పెదాలు కదుపుతూనే ఉండేది. వచ్చాక మళ్ళీ ఎక్కేవాళ్ళం. కాజ్‌వే మధ్యకు వచ్చేసరికి ఇద్దరూ మామూలుగా మాట్లాడుకునేవారు. నాకు తెలిసిన కథ ఇది. ఇందులో నాన్న గ్యాసు కట్టడం ఎక్కడా లేదు.

తమ్ముడికి తెలిసిన కథలో నాన్న బంకుకు చాలా ముందే, ఎవరూ అడగకుండానే బండి ఆపుతాడు. దిగి సిలిండర్ కడతాడు. కట్టి ట్రైలర్ తలుపు తీసి, లోపలికి తల పెట్టి, "ఎవరున్నారు లోపల?" అని గట్టిగా అరుస్తాడు. దుప్పట్లు ఎత్తి చూస్తాడు. ఎవరూ ఉండరని తెలిసినా చూస్తాడు. అమ్మ కారులోనే కూర్చుని ఉంటుంది, ఏమీ మాట్లాడదు. పోట్లాట లేదు, నడక లేదు, వానచెట్టు లేదు. "ప్రామిస్ అక్కా, నాకు ఆ చెట్టే గుర్తులేదు," అన్నాడు.

ఆ రోజంతా వాదించుకున్నాం. మధ్యాహ్నం హాకర్ సెంటర్ తిండి కొట్ల దగ్గర సీటు మీద టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోప్ చేసుకుని, చోటు పట్టుకుని కూడా తినడం మరిచిపోయి వాదించుకున్నాం. చివరికి మా వారే అన్నారు: "నువ్వు ఎప్పటిదాకా వాళ్ళతో వెళ్ళావు? వీడు ఎప్పట్నుంచి గుర్తుపెట్టుకునే వయసుకొచ్చాడు? అది చూసుకోండి ముందు." అప్పుడు మాకు తట్టింది. మేము చెబుతున్నది ఒకే కాలం కాదు. నేను చెప్పేది నేను ఇక్కడ ఉన్నప్పటిది. తమ్ముడు నాకన్నా బాగా చిన్న. వాడు చెప్పేది నన్ను విశాఖపట్నం పంపేశాక జరిగినది.

విశాఖపట్నం అంటే నాకు ఇప్పటికీ గొంతులో ముల్లు. పన్నెండు దాటని వయసులో, తెలిసినవాళ్ళ కుటుంబంతో ఓడ ఎక్కించి, మద్రాసు మీదుగా అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. తమ్ముణ్ణి ఉంచుకున్నారు. ఆడపిల్ల ఎదుగుతోంది, తెలుగు రావాలి, అక్కడైతే సంబంధాలు దొరుకుతాయి అని పెద్దవాళ్ళు అనుకుని ఉంటారని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవరూ నాకు ఏదీ చెప్పలేదు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అమ్మమ్మ పుణ్యమే. అయినా ఓడ రెయిలింగు పట్టుకుని, ఒడ్డు మాయమయ్యేదాకా ఏడ్చిన ఏడుపు నాకు అలాగే ఉంది. పెళ్ళయ్యాక మా వారికి ఇక్కడ ఉద్యోగం వచ్చి మళ్ళీ ఈ ఊరికే చేరాను. అమ్మను ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉంచుకున్నాను. ఎందుకు పంపావని మాత్రం అడగలేదు. అడిగే వీలున్నప్పుడు అహం అడ్డొచ్చింది, అహం తగ్గేసరికి అమ్మకు మాట మిగల్లేదు.

అయితే నేను ఉన్నప్పటి నాన్నకూ, నేను వెళ్ళాకటి నాన్నకూ మధ్యలో ఏదో జరిగి ఉండాలి కదా. ఇద్దరం వెతుక్కున్నాం. తమ్ముడి దగ్గర ఒక ముక్క దొరికింది. రోడ్డు పక్కన గడ్డిలో ఎవరో మలాయ్ ఆంటీ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడట. ఆమె వాడి చేతిలో వేడి అరటికాయ బజ్జీ పెట్టింది, నాలుక కాలింది. ఎదురుగా అమ్మ చెప్పులు వదిలేసి, చీర మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని బంకులోకి పరుగెత్తుతోంది. "నన్ను వదిలేసి పోయింది అక్కా. అంతే గుర్తు. తెలియని మనిషి చేతిలో పెట్టి పోయింది. ఎందుకో ఇప్పటికీ తెలియదు. పెద్దయ్యాక కూడా ఆ కల వస్తుంది," అన్నాడు. అరవై దాటిన మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు.

నా దగ్గర కూడా ఒక ముక్క ఉంది. అది జ్వరంలో వచ్చిన కల అనుకునేదాన్ని. ట్రైలర్లో వెనక మంచం మీద పడుకుని ఉన్నాను. పసుపు కర్టెన్‌లోంచి ఎండ పడుతోంది. కదులుతున్న పైకప్పు ఆగింది. తీపిగా, ఘాటుగా పెట్రోలు వాసన. కింద ఎక్కడో చిన్నగా బుస్సుమని చప్పుడు. అప్పుడు తలుపు దడాలున తెరుచుకుని అమ్మ ముఖం తలకిందులుగా కనిపించింది. చెమట, కొబ్బరినూనె, చీర నా ముఖం మీద కప్పుకుపోయింది. అంతే.

ఈ రెండూ కలిపితే కథ దొరికేసినట్టే ఉంది. నాకు జ్వరం, తమ్ముణ్ణి దింపి ముందు నడిచిన అమ్మ నన్ను మరిచిపోయిందో, నాన్న నన్నూ దింపేశాడనుకుందో, అటు వెళ్ళి చూసుకుంటే ఒకరు తక్కువ. పరుగెత్తింది. అదే జరిగితే నాన్న ఆ రోజు నుంచి మారాడు. ట్రైలర్ తలుపు తీసి దుప్పట్లు ఎత్తి చూడటం అప్పుడు మొదలైంది. లోపల ఉండిపోయింది నేనే. తమ్ముడు బల్ల మీద చరిచాడు, అదే అక్కా అదే అని. నేనూ నమ్మేశాను.

మా వారు మాత్రం ఒప్పుకోలేదు. "రెండు ముక్కలూ ఒకే రోజువని ఎవరు చెప్పారు? అత్తయ్యగారు దేనికో పరుగెత్తి ఉండొచ్చు. నీకు జ్వరం వేరే ఊళ్ళో వచ్చి ఉండొచ్చు. ఇద్దరూ కూర్చుని కథ అల్లేస్తున్నారు," అన్నారు. అప్పట్నుంచి నాకు ఏదీ నిలవడం లేదు. నిజంగా ఆ కర్టెన్లు పసుపువేనా, లేక తమ్ముడు అన్నాక పసుపయ్యాయా? ఆ బుస్సుమనే చప్పుడు నేను ఇన్నాళ్ళూ విన్నానా, మొన్న విన్నానా? నాన్న పోయాడు. బంకు లేదు, అక్కడ ఇప్పుడు ఫ్లాట్లు లేచాయి. ట్రైలర్‌ను క్వార్టర్స్ ఖాళీ చేసినప్పుడు పాత ఇనుముకు ఇచ్చేశారట. ఆ రోజు మొత్తం ఒక్కరి దగ్గరే ఉంది. అమ్మ దాన్ని మాకు రోజూ ఇస్తూనే ఉంది, మేము అందుకోలేకపోతున్నాం.

ఇప్పటి మా ఇంటిని చూస్తే నాన్న ఏమనేవాడో. గ్యాసు గొట్టంలో వస్తుంది, ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తుంది, ఏ మంటకూ ఎవరూ కాపలా కాయక్కర్లేదు. మా అల్లుడికి పెట్రోలు కూడా అక్కర్లేదు, కారును ఫోనులాగా చార్జింగుకు పెడతాడు. భద్రత అంతా ఎవరో ముందే ఆలోచించి ఎక్కడో బిగించేశారు. అప్పుడు భద్రత అంటే అమ్మ చెయ్యి. చెమటతో జారే చెయ్యి. ఏది మంచిదో అడిగితే ఇప్పటిదే అంటాను, అందులో అనుమానం లేదు. కానీ ఇప్పుడు మా పిల్లలకు ఎవరైనా వాళ్ళకోసం చెప్పుల్లేకుండా పరుగెత్తిన గుర్తు ఉంటుందా అని ఆలోచిస్తాను. వెంటనే, నాకు మాత్రం ఉందా, అదే తేలడం లేదు కదా అనుకుంటాను.

తమ్ముడు తిరిగి వెళ్ళే రోజు మధ్యాహ్నం చాంగి ఎయిర్‌పోర్టుకు మా కారులోనే బయల్దేరాం. మా వారు నడుపుతున్నారు, తమ్ముడు ముందు సీట్లో, అమ్మా నేనూ వెనక. దారిలో పెట్రోలు తక్కువుందని మా వారు బంకు వైపు తిప్పబోయారు. అమ్మ ముందుకు వంగింది.

"దిగండర్రా. బేగి దిగండి."

మామూలుగా అయితే, ఏం లేదమ్మా, అని బుజ్జగించి కూర్చోబెట్టేవాళ్ళం. ఆ రోజు తమ్ముడు, "బావా, ఒక్క నిమిషం పక్కకి ఆపు," అన్నాడు. దిగి అమ్మ వైపు తలుపు తీశాడు. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని, పేవ్‌మెంటు మీద మెల్లగా, బంకు దాటేదాకా నడిపించాం. అవతల బస్‌స్టాపు బల్ల ఉంటే కూర్చోబెట్టాం. అక్కడ బస్సు కోసం చూస్తున్న ఒక చైనా పెద్దాయన లేచి చోటిచ్చాడు. అమ్మ మమ్మల్నిద్దర్నీ చూసుకుంది. ముఖం తెల్లబడింది.

"ఇంకొకరు లోపలే ఉండిపోనారు."

తమ్ముడు ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎవరమ్మా లోపల?"

ఇన్నాళ్ళూ చెప్పని అమ్మ వెంటనే చెప్పింది. "మీ యక్క. దానికి జొరం. మీ నాన్నకి తెలీదు."

నేను పక్కన కూర్చుని, "నేనేనమ్మా. దిగిపోయాను. ఇదిగో నీ పక్కనే ఉన్నాను," అన్నాను.

అమ్మ నన్ను తేరిపార చూసింది. కోపం లేదు, జాలిగా చూసింది. "నువ్వు కాదమ్మా. అది సిన్నపిల్ల."

నేను లేచాను. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. బంకు వైపు నాలుగడుగులు వేసి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి వచ్చి చెప్పాను. "దింపేశానమ్మా. గ్యాసు కట్టేశాం. ఏమీ కాలేదు."

"జొరం తగ్గినాదా?"

"తగ్గింది. పడుకుంది."

అమ్మ ఊపిరి వదిలింది. భుజాలు దిగాయి. ఎన్నాళ్ళ తర్వాతో ముఖం సాఫీగా ఉంది. అప్పుడు నాకు ఆశ పుట్టింది. ఇంకొక్క ప్రశ్న, ఈ తలుపు మూసుకుపోకముందే. తమ్ముడు వద్దన్నట్టు చూశాడు. అయినా అడిగాను.

"మరి దాన్ని విశాఖపట్నం ఎందుకు పంపేశావమ్మా?"

"నానెందుకు పంపుతాను?" అమ్మ ఆశ్చర్యపోయింది. "నానొద్దన్నాను. అదే ఎల్లిపోతానన్నాది. ఈ బండున్న ఇంట్లో ఉండనన్నాది. మీ నాన్న దాని కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఓడెక్కినప్పుడు ఎనక్కి తిరిగి సూడను గూడా సూడనేదు."

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు తల అడ్డంగా ఊపాడు, తెలియదన్నట్టు. నాన్న నా కాళ్ళు పట్టుకోవడం వాడూ చూడలేదు. ఒడ్డు మాయమయ్యేదాకా ఏడ్చిన ఆ పిల్లను నేను ఇన్నేళ్ళు మోశాను. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయిన పిల్లను అమ్మ మోసింది. ఇద్దరిలో ఓడ ఎక్కింది ఎవరో ఇప్పుడు చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

మా వారు పెట్రోలు పోయించుకుని కారు మా ముందుకు తెచ్చి ఆపారు. విమానానికి టైమవుతోందన్నారు. తమ్ముడు అమ్మను జాగ్రత్తగా ఎక్కించి ముందు కూర్చున్నాడు. నేను అమ్మ పక్కన చేరి, ఆమె సీటు బెల్టు పెట్టి, ఆ పిల్ల గురించి ఇంకేమైనా చెప్పమని అడిగాను.